ఇంటర్‌కల్చరల్ స్టడీస్ డిగ్రీ తర్వాత ఏ ఉద్యోగాలు దొరుకుతాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు ఇంటర్‌కల్చరల్ స్టడీస్‌లో, అంటే వివిధ సంస్కృతుల మధ్య సంబంధాల అధ్యయనంలో, డిగ్రీ పూర్తిచేశారు, ఒక విదేశీ భాష మధ్యస్థంగా వచ్చు, ఉద్యోగ ప్రకటనల్లో ఎంత వెతికినా ఈ డిగ్రీ పేరు కనిపించడం లేదు. వెంటనే పీజీలో చేరడమా, ముందు ఉద్యోగం చూసుకోవడమా అన్నది తేల్చుకోలేకపోతున్నారు. ఇంటర్వ్యూలో ‘అసలు ఈ డిగ్రీ అంటే ఏమిటి’ అని అడిగినప్పుడు ఏం చెప్పాలో కూడా తోచడం లేదన్నారు. నేను 18 ఏళ్ళుగా ఈ రంగంలో ఉన్నాను. మొదట ఒక విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కార్యాలయంలోను, ఆ తర్వాత శరణార్థులకు పునరావాసం కల్పించే ఒక సంస్థలోను పనిచేశాను. ఇప్పుడు వేర్వేరు సంస్థల సిబ్బందికి శిక్షణ ఇస్తున్నాను, కొత్తవారిని ఎంపికచేసే ప్యానెళ్ళలోనూ తరచుగా కూర్చుంటున్నాను. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

ఈ డిగ్రీ చదివినవారికి ఉద్యోగాలు ఉన్నాయి, కానీ ఈ డిగ్రీ పేరుతో ఉద్యోగాలు లేవు. అందుకే మీకు ప్రకటనల్లో ఏమీ కనిపించడం లేదు. విదేశీ విద్యార్థుల సలహాదారు, శరణార్థుల కేస్ వర్కర్, ఆసుపత్రిలో లేదా కోర్టులో దుబాసీ, బహుళజాతి సంస్థలో గ్లోబల్ మొబిలిటీ కోఆర్డినేటర్, లోకలైజేషన్ ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, అభివృద్ధి సంస్థలో ప్రోగ్రామ్ అసిస్టెంట్ వంటి పేర్లతో వెతకండి. ఈ ఉద్యోగాలన్నింటికీ మీ చదువు పనికివస్తుంది, కానీ వీటిలో ఏ ఒక్కటీ మీ చదువు ఒక్కదానితోనే రాదు. దానికి తోడుగా వృత్తి స్థాయిలో ఒక భాషగానీ, ఆరోగ్యం, న్యాయం, మానవ వనరులు, సాఫ్ట్‌వేర్ వంటి వాటిలో ఏదో ఒక రంగపు పనిగానీ చేతికి వచ్చి ఉండాలి. పీజీ విషయంలో నా అభిప్రాయం ముందు రెండేళ్ళు ఉద్యోగం చేయమనే. కారణాలు తర్వాత వివరిస్తాను.

తోడు కావాలని చెప్పడం మీ డిగ్రీని తక్కువ చేయడం కాదు. ఈ శాస్త్రం పుట్టిందే మరో వృత్తికి తోడుగా. ఎడ్వర్డ్ టి. హాల్ అనే మానవశాస్త్రవేత్త 1950ల తొలి సంవత్సరాల్లో అమెరికా విదేశాంగ శాఖకు చెందిన ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో, విదేశాలకు వెళ్ళబోయే అధికారులకు బోధించేవారు. ఆ అధికారులకు సంస్కృతి గురించిన పెద్ద సిద్ధాంతాలు అక్కరలేదు. ఎదుటివారు మాట్లాడేటప్పుడు ఎంత దూరంలో నిలబడతారు, చెప్పిన సమయం కంటే ఎంత ఆలస్యమైతే తప్పుగా భావిస్తారు, మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టా కాదన్నట్టా అన్నవి వారికి కావలసిన విషయాలు. ఆ బోధనానుభవం వెనుక ఉండగా ఆయన 1959లో ప్రచురించిన ‘ద సైలెంట్ లాంగ్వేజ్’ ఈ రంగానికి పునాది గ్రంథమైంది. అంటే మొదటి విద్యార్థులే దౌత్యం అనే వృత్తిలో ఉండి, ఆ వృత్తి కోసం దీన్ని నేర్చుకున్నారు. మీరు వెనుక వైపు నుంచి వస్తున్నారు, జ్ఞానం ముందుగా సంపాదించారు, వృత్తిని ఇప్పుడు వెతుక్కుంటున్నారు.

ఇక్కడే మరో చిన్న విషయం చెప్పాలి. ఈ డిగ్రీ పేరు అన్నిచోట్లా ఒకే అర్థంలో వాడుకలో లేదు. కొన్ని క్రైస్తవ విద్యాసంస్థల్లో ఇది మతప్రచార సేవకు సిద్ధంచేసే చదువు. ఉదాహరణకు ఫుల్లర్ థియొలాజికల్ సెమినరీలో 1965లో ‘స్కూల్ ఆఫ్ వరల్డ్ మిషన్’గా మొదలైన విభాగమే 2003లో ‘స్కూల్ ఆఫ్ ఇంటర్‌కల్చరల్ స్టడీస్’గా పేరు మార్చుకుంది. మరికొన్ని విశ్వవిద్యాలయాల్లో ఇది భాష, సమాచార సంబంధాలు, మానవశాస్త్రం కలిసిన లౌకిక కోర్సు. మీ రెజ్యూమె చూసే వ్యక్తి మనసులో వీటిలో ఏది మెదులుతుందో మీకు తెలియదు కాబట్టి, డిగ్రీ పేరు కింద మీరు చదివిన ముఖ్య విషయాలను ఒక వరుసలో తప్పకుండా రాయండి. ఏ రకం చదివినా సిగ్గుపడవలసినది లేదు, చెప్పకుండా వదిలేస్తేనే ఇబ్బంది.

ఇక రంగాల సంగతి. నాకు బాగా తెలిసినవాటి గురించి వివరంగాను, తక్కువ తెలిసినవాటి గురించి క్లుప్తంగాను రాస్తాను.

విదేశీ విద్యార్థుల కార్యాలయాలు కొత్తవారికి అన్నింటికంటే అందుబాటులో ఉండే ద్వారం అని నా అభిప్రాయం. ఐరోపాలో 1987లో మొదలైన ఎరాస్మస్ వంటి విద్యార్థుల మార్పిడి కార్యక్రమాల వల్ల ఇటువంటి కార్యాలయాలకు ఎప్పుడూ మనుషులు కావలసి ఉంటుంది. పనిలో సగం వీసా పత్రాలు, బీమా, వసతి, ఫీజుల గడువులు. మిగతా సగంలో మీ చదువు అక్కరకు వస్తుంది. నేను చేరిన మొదటి సంవత్సరంలో ఒక విద్యార్థి మార్కులు పడిపోతుంటే, అతని అధ్యాపకుడు ‘నీకు వీలైతే ఒకసారి వచ్చి నన్ను కలవవచ్చు’ అని రెండుసార్లు ఉత్తరం రాశారు. విద్యార్థి వెళ్ళలేదు. అధ్యాపకుడు దాన్ని నిర్లక్ష్యం అనుకున్నారు. నేను విద్యార్థిని పిలిచి అడిగితే, ‘వీలైతే అన్నారు కదా, పెద్దవారి సమయం వృథా చేయకూడదని వెళ్ళలేదు’ అని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఒకరికి ఆ వాక్యం సున్నితంగా చెప్పిన ఆజ్ఞ, మరొకరికి అది అక్షరాలా ఐచ్ఛికం. మేము చేసిందల్లా ఆ ఉత్తరం నమూనాను మార్చడమే: ‘మంగళవారం ఉదయం 10 గంటలకు 214వ గదిలో నన్ను కలవాలి, రాలేకపోతే ముందురోజు తెలియజేయాలి.’ ఆ తర్వాత పిలిచినవారిలో దాదాపు అందరూ రావడం మొదలుపెట్టారు. చదువుకున్న సిద్ధాంతం ఒక ఉత్తరంలోని నాలుగు మాటలుగా మారడమే ఈ ఉద్యోగంలో అసలు పని.

శరణార్థులు, వలసదారులతో పని. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ 1950లో ఏర్పడింది, శరణార్థుల ఒడంబడిక 1951లో వచ్చింది. అదే సంవత్సరం ఏర్పడిన అంతర్జాతీయ వలసల సంస్థ 2016లో ఐక్యరాజ్యసమితి వ్యవస్థలో చేరింది. కానీ కొత్తవారికి ఉద్యోగాలు ఎక్కువగా దొరికేది ఈ పెద్ద సంస్థల్లో కాదు, వాటితో ఒప్పందం చేసుకుని నగరాల్లో పనిచేసే చిన్న సంస్థల్లో. కేస్ వర్కర్‌గా చేరితే ఒక కుటుంబానికి ఇల్లు చూపించడం, పిల్లలను బడిలో చేర్పించడం, ఆసుపత్రికి తీసుకువెళ్ళడం, దరఖాస్తులు నింపడం మీ బాధ్యతలు.

ఈ పనిలో నాకు ఎప్పటికీ గుర్తుండే దృశ్యం ఒకటి ఉంది. కొత్తగా చేరిన ఒక సహోద్యోగి ఒక కుటుంబం ఫైలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, ‘అయిదుగురి పుట్టినతేదీ జనవరి 1 అని ఉంది, ఇవి దొంగ పత్రాలేమో’ అన్నాడు. పుట్టినతేదీ నమోదు చేసే అలవాటు లేని ప్రాంతాల నుంచి వచ్చినవారికి, సంవత్సరం మాత్రమే అంచనావేసి జనవరి 1 అని రాయడం అధికారుల దగ్గర మామూలు పద్ధతి. ఆ కుటుంబం ఏ అబద్ధమూ చెప్పలేదు, ఫారంలో ఆ గడి ఖాళీగా వదలడానికి వీల్లేదంతే. ఇంటిపేరు అంటూ విడిగా లేనివారికీ ఇదే చిక్కు వస్తుంది. అమెరికా వీసాల్లో ఒకే పేరున్న వ్యక్తికి మొదటి పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని, అంటే మొదటి పేరు తెలియదని, ముద్రిస్తారు. తర్వాత బ్యాంకులో, బడిలో అదే వారి పేరుగా చలామణి కావడం చూశాను. ఫారం తయారుచేసినవారి సంస్కృతి ఆ గడుల్లోనే ఉంటుందని గుర్తించగలిగిన మనిషి ఈ కార్యాలయాలకు ఎంతో అవసరం, మీ చదువు ఆ గుర్తింపును ఇస్తుంది.

కానీ ఈ రంగంలోకి రాదలచుకుంటే రెండు విషయాలు ముందే తెలిసి ఉండాలి. మొదటిది, ఉద్యోగాలు చాలావరకు గ్రాంటుల మీద నడుస్తాయి. గ్రాంటు ముగిస్తే ఒప్పందమూ ముగుస్తుంది, ప్రభుత్వ విధానం మారితే ఒక కార్యాలయం మొత్తం మూతపడవచ్చు. రెండవది, ప్రతిరోజూ యుద్ధం, హింస, వియోగం గురించిన కథలు వినడం వినేవారినీ గాయపరుస్తుంది. దయగల మనుషులే ఈ పనికి వస్తారు, వారే ముందుగా అలసిపోతారు. ఇంటర్వ్యూలో ‘కేస్ వర్కర్‌కు ఎన్ని కేసులు ఉంటాయి, కష్టమైన కేసుల గురించి మాట్లాడుకోవడానికి పర్యవేక్షకుడితో క్రమంగా సమావేశాలు ఉంటాయా’ అని మీరే అడగండి. సూటిగా సమాధానం చెప్పలేని సంస్థలో చేరవద్దని నా సలహా.

దుబాసీ వృత్తి గురించి కాస్త ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే మధ్యస్థంగా భాష వచ్చినవారు దీనిలోకి తొందరపడి దిగడం నేను చాలాసార్లు చూశాను. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో, స్పృహ తప్పిన 18 ఏళ్ళ యువకుడిని క్యూబా మూలాలున్న అతని కుటుంబం ఆసుపత్రికి తెచ్చి, అతను ‘ఇంటాక్సికాడో’గా ఉన్నాడని చెప్పింది. వారి వాడుకలో ఆ మాటకు తిన్నదో తాగినదో పడక జబ్బుపడ్డాడని అర్థం. వైద్యులకు అది ఆంగ్లంలో మత్తుకు వాడే మాటలా వినిపించి, మత్తుమందు ఎక్కువైన కేసుగా చికిత్స మొదలుపెట్టారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. ఆ యువకుడికి కాళ్ళూ చేతులూ శాశ్వతంగా పడిపోయాయి. వృత్తిదుబాసీ ఆ గదిలో లేకపోవడం వల్ల జరిగిన నష్టానికి ఉదాహరణగా ఈ కేసును ఈనాటికీ శిక్షణ తరగతుల్లో చెబుతారు. ఇటువంటి అనుభవాల వల్లే ఆసుపత్రులు, కోర్టులు అర్హతగల దుబాసీలను కోరుకుంటున్నాయి. ఐరోపా సమాఖ్య 2010లో జారీచేసిన ఒక ఆదేశం, నేరవిచారణను ఎదుర్కొంటున్న వ్యక్తికి తన భాషలో అనువాదం పొందే హక్కు కల్పించింది.

కాబట్టి అవసరం నిజమే, అయితే అర్హత ప్రమాణమూ అంతే కఠినం. ఐరోపా భాషా ప్రమాణాల్లో ఎ1 నుంచి సి2 వరకు ఆరు మెట్లు ఉంటాయి. మీరు ‘మధ్యస్థం’ అన్నది బహుశా బి1 గాని బి2 గాని కావచ్చు. విద్యార్థులకు సలహా ఇవ్వడానికి, కార్యాలయ వ్యవహారాలకు బి2 సరిపోతుంది. దుబాసీగా కూర్చోవడానికి కనీసం సి1 ఉండాలి, దానిమీద ప్రత్యేక శిక్షణ కూడా కావాలి. మీ భాష ఆ స్థాయికి చేరేవరకు ఎంత అడిగినా వైద్యుడి ఎదుట, న్యాయమూర్తి ఎదుట అనువాదం చేయవద్దు. మీరు పొరపాటు చేస్తే నష్టపోయేది మరొకరు. ఉన్న భాషనే రెండు మెట్లు పైకి తీసుకువెళ్ళండి, మూడు కొత్త భాషలను మొదలుపెట్టి వదిలేయడం కంటే అది ఎంతో విలువైనది.

అంతర్జాతీయ సంస్థలు. ఈ డిగ్రీ చదివినవారిలో చాలామంది కల ఇదే కనుక నిజం చెప్పాలి. ఐక్యరాజ్యసమితిలో ప్రొఫెషనల్ స్థాయి ఉద్యోగాలకు సాధారణంగా పీజీ అడుగుతారు, లేదా డిగ్రీతోపాటు అదనపు అనుభవం ఉండాలి. యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్ పరీక్షకు డిగ్రీ చాలు, కానీ వయసు 32 ఏళ్ళకు మించకూడదు, మీ దేశం ఆ సంవత్సరపు జాబితాలో ఉండాలి, మీ చదువు ఆ ఏడాది ప్రకటించిన విభాగానికి సరిపోవాలి. దీనికంటే దగ్గరిదారి 1970లో ఏర్పడి బాన్ కేంద్రంగా పనిచేసే ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం. దీనిలో జీవనభత్యం ఇస్తారు, క్షేత్ర అనుభవం వస్తుంది. యునెస్కో 2003 నాటి అమూర్త సాంస్కృతిక వారసత్వ ఒడంబడిక కారణంగా అనేక దేశాల్లో జానపద కళలు, ఆచారాల నమోదు పనులు జరుగుతున్నాయి. ఆ పనుల్లో చేరాలంటే క్షేత్రంలో ముఖాముఖిగా వివరాలు సేకరించి, శ్రద్ధగా నమోదు చేయగలగాలి.

వ్యాపార సంస్థలు. సంస్థలు విదేశాలకు ఉద్యోగులను పంపేటప్పుడు వారి వీసా, పన్నులు, ఇల్లు, పిల్లల చదువు చూసుకునే విభాగాన్ని గ్లోబల్ మొబిలిటీ అంటారు. మొదటి రెండేళ్ళు కాగితాల పనే ఉంటుంది. అయినా మానవ వనరుల రంగంలోకి ఇది మంచి ప్రవేశం. సంస్థల విలీనాల్లోనూ ఈ జ్ఞానం అవసరమవుతుంది. 1998లో జర్మనీకి చెందిన డైమ్లర్, అమెరికాకు చెందిన క్రైస్లర్ విలీనమై 2007లో విడిపోయాయి. దానికి ఆర్థిక కారణాలు అనేకం ఉన్నా, రెండు పక్షాల నిర్ణయ పద్ధతులు, హోదాల పట్ల దృష్టి పొసగకపోవడాన్ని కూడా తరచుగా చెబుతారు. అయితే ఇటువంటి పెద్ద వ్యవహారాల్లో సలహా ఇవ్వడానికి కొత్త పట్టభద్రుడిని ఎవరూ పిలవరు. ముందు మానవ వనరుల పని నేర్చుకోవాలి.

ఇప్పుడు నేను చేస్తున్న శిక్షకుడి పని గురించి చాలామంది అడుగుతారు. డిగ్రీ అయిన వెంటనే శిక్షకులు కావాలనుకోవద్దు. తాము ఎదుర్కొనే చిక్కులను స్వయంగా చూసినవారి మాటకే అనుభవజ్ఞులైన ఉద్యోగులు విలువ ఇస్తారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. తొలిరోజుల్లో నేను ఒక ఇంజినీర్ల బృందానికి, వారు వెళ్ళబోయే దేశం గురించి ‘అక్కడివారు ఇలా ఉంటారు, మీరు ఇలా నడుచుకోండి’ అనే జాబితా తయారుచేసి ఇచ్చాను. కొన్ని నెలల తర్వాత తెలిసింది, అక్కడి సహోద్యోగి ఒకరు నేరుగా అభ్యంతరం చెప్పినా, ‘వీళ్ళు నేరుగా కాదనరు కదా’ అని నా జాబితాను నమ్మి, ఆమె మాటకు వేరే అర్థాలు వెతుకుతూ కూర్చున్నారట. ఆమెకు జరిగిన ఆ అన్యాయంలో నా వంతు ఉంది. సంస్కృతులను పోల్చి చూసిన డచ్ పరిశోధకుడు గీర్ట్ హోఫ్‌స్టెడ్ 1967 నుంచి 1973 వరకు ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నావళుల ఆధారంగా 1980లో వెలువరించిన అధికార దూరం (హోదాల తేడాను ఎంత సహజంగా ఒప్పుకుంటారన్నది), వ్యక్తివాదం వంటి కొలమానాలు దేశాల సగటులను చెబుతాయి, ఎదురుగా కూర్చున్న మనిషిని గురించి చెప్పవు. ఆయన కూడా ఈ హెచ్చరిక చేశారు. అప్పటి నుంచి నేను జాబితాలు ఇవ్వడం మానేసి, జరిగిన సంఘటనలను ముందుంచి, వాటికి ఎన్ని అర్థాలు ఉండవచ్చో వారిచేతనే చెప్పిస్తున్నాను.

లోకలైజేషన్ అంటే సాఫ్ట్‌వేర్‌నూ వెబ్‌సైట్లనూ మరో భాషవారికి సహజంగా అమర్చడం. అనువాదం దీనిలో ఒక భాగం మాత్రమే. 03/04 అని రాస్తే కొందరికి ఏప్రిల్ 3, కొందరికి మార్చి 4. అరబిక్‌కు తెర మొత్తం కుడినుంచి ఎడమకు తిరగాలి. ఇంటిపేరు తప్పనిసరి అన్న గడి కొందరిని లోపలికే రానివ్వదు. 2016 నుంచి న్యూరల్ యంత్రానువాదం (కృత్రిమ మేధతో చేసే అనువాదం) వేగంగా వ్యాపించడంతో, కొత్తవారికి దొరికే సాదా అనువాదపు పని తగ్గిందనే నా పరిశీలన. యంత్రం ఇచ్చినదాన్ని పరిశీలించి ఎక్కడ తప్పుతుందో పట్టుకునే పని, పదకోశాలూ శైలి నియమాలూ నిర్వహించే పని మిగిలి ఉన్నాయి. అనువాద మెమరీ సాధనాలు, అంటే ఇదివరకు చేసిన అనువాదాలను దాచి మళ్ళీ చూపే సాఫ్ట్‌వేర్, నేర్చుకోకుండా ఈ రంగానికి దరఖాస్తు చేయవద్దు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. సాంకేతిక సంస్థల్లో వినియోగదారుల పరిశోధన ఒక మంచి మార్గం. మానవశాస్త్రవేత్త జెనీవీవ్ బెల్ 1998లో ఇంటెల్‌లో చేరడం ఈ మార్గానికి పేరు తెచ్చింది, కానీ దానికి పరిశోధన పద్ధతుల్లో గట్టి పట్టు కావాలి. భాషాబోధనకు, ఆంగ్లం బోధించేవారికి ఇచ్చే సెల్టా వంటి సుమారు 120 గంటల శిక్షణ తీసుకుంటే విదేశాల్లో పని దొరుకుతుంది, అయితే రెండు మూడేళ్ళకు మించి అదే స్థాయిలో ఉండిపోకుండా చూసుకోండి. పర్యాటకం, మ్యూజియంల గురించి సలహా చెప్పేంత అనుభవం నాకు లేదు.

ఎంపిక ప్యానెల్‌లో చూసిన ఒక ఇంటర్వ్యూ సంగతి కూడా చెప్పాలి. ఒకే ఖాళీకి ఇద్దరు అభ్యర్థులు వచ్చారు. మొదటి అభ్యర్థి హాల్, హోఫ్‌స్టెడ్, మిల్టన్ బెన్నెట్ 1986లో ప్రతిపాదించిన, సాంస్కృతిక భేదాలను మనిషి క్రమంగా ఎలా అర్థంచేసుకుంటాడో చెప్పే ఆరు దశల నమూనా అన్నీ చక్కగా వివరించాడు. రెండో అమ్మాయి ఒక కాగితం మా ముందు పెట్టింది. ఆమె ఒక క్లినిక్‌లో వాలంటీర్‌గా ఉన్నప్పుడు, ‘భోజనం తర్వాత, రోజుకు మూడుసార్లు’ అని రాసిన మందును కొందరు రెండుసార్లే వేసుకుంటున్నట్లు గమనించిందట. కారణం ఏమిటంటే వారు రోజుకు రెండుపూటలే తింటారు. ఆమె నర్సుతో మాట్లాడి, ఆ మందుకు భోజనంతో నిమిత్తం లేదని తెలుసుకుని, ‘ఉదయం లేవగానే, మధ్యాహ్నం, పడుకునే ముందు’ అని ఆ కాగితాన్ని మార్పించింది. మేము ఆమెను తీసుకున్నాం. మొదటి అభ్యర్థి జ్ఞానంలో లోపం లేదు, కానీ ఆ జ్ఞానంతో అతను ఏం చేశాడో మాకు కనిపించలేదు. మీరు స్వయంగా మార్చిన ఒక ఉత్తరం, ఒక ఫారం, ఒక సూచన పత్రం, మార్పుకు ముందూ తర్వాతా ఎలా ఉందో చూపేలా దాచుకోండి. ఇప్పటివరకు అటువంటిది ఏదీ లేకపోతే, రాబోయే ఆరు నెలలు వారానికి కొన్ని గంటలు ఏదైనా సంస్థలో స్వచ్ఛందంగా పనిచేసి సంపాదించుకోండి.

పీజీ వాయిదా వేయమనడానికి కారణం కూడా ఇదే. రెండేళ్ళు పనిచేస్తే, మీకు ఏ తోడు అవసరమో పనే చెబుతుంది. శరణార్థులతో పనిచేసినవారికి సామాజిక సేవగాని వలస న్యాయశాస్త్రంగాని, ఆసుపత్రిలో పనిచేసినవారికి ప్రజారోగ్యంగాని, సంస్థల్లో పనిచేసినవారికి మానవ వనరులుగాని కావలసి వస్తుంది. ఇప్పుడే అదే సబ్జెక్టులో పీజీ చేస్తే, రెండేళ్ళ తర్వాత ఇదే ప్రశ్నతో, ఇంతకంటే ఎక్కువ ఖర్చుతో నిలబడే అవకాశం ఉంది. దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి: అధ్యాపక వృత్తిలోకి వెళ్ళాలనుకుంటే, లేదా మీకు పూర్తి ఉపకారవేతనం, దానితోపాటు తప్పనిసరి ఇంటర్న్‌షిప్ ఉన్న కోర్సు దొరికితే, ఆగవలసిన పని లేదు.

చివరిగా ఇంటర్వ్యూలో ‘ఈ డిగ్రీ అంటే ఏమిటి’ అన్న ప్రశ్న. ‘వివిధ సంస్కృతుల అధ్యయనం’ అని నిర్వచనం చెప్పి ఆగిపోవద్దు, ఆ మాట విన్నవారికి మీరు రేపు ఏ పని చేయగలరో తెలియదు. ఇలా చెప్పి చూడండి: ‘ఒకరు మామూలుగా రాసిన మాట మరొకరికి ఎందుకు వేరుగా అర్థమవుతుందో కనిపెట్టి, ఇద్దరికీ ఒకేలా అర్థమయ్యేటట్టు దాన్ని మార్చడం నేను చదువుకున్నాను. ఇదిగో, పోయిన సంవత్సరం నేను మార్చిన కాగితం.’ ఆ తర్వాత కాగితాన్ని వారి చేతికి ఇచ్చి, వారు చదవడం పూర్తయ్యేవరకు ఏమీ మాట్లాడకండి.